నల్లటి తాడుకి అర్థం

పాలకొల్లు కాలవగట్టు మీద తాళ్ళ వ్యాపారం చేసినవాళ్ళు నాకు ముందు ఆరుగురు, నా తరవాత నలుగురు. వాళ్ళందరిలో చచ్చిన తాడుని బతికించి అమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్ళ వయసులో, ఏ గురువూ లేకుండా, నా బుర్రలోంచే పుట్టిన విద్య అది. పడవలవాళ్ళు గట్టు మీద పారేసిన తాళ్ళు ఊరికే దొరికేవి. పురి విప్పి, మూడు పేటల్లో రెండు పాతవే ఉంచి, ఒకటి కొత్తది కలిపి, మళ్ళీ పురి ఎక్కించి, మరుగుతున్న తారులో ముంచి ఎండలో వేస్తే సాయంత్రానికి కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడేది. తారు వాసన ముందు ఇంకే వాసనా నిలవదు.

మా నాన్న ఆ తాడుని రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు. "ఒరే అబ్బాయ్, నేనూ నాసిరకం అమ్మాను. నాసిరకం అని చెప్పి అమ్మాను. నీది వేరే విద్య" అన్నాడు. దాన్ని పొగడ్త కిందే జమ కట్టుకున్నాను. మా ఇంట్లో ఊరికే వచ్చినదేదీ వదులుకోం, తిట్టయినా సరే.

ఆ ఏడే అలాంటి తాడొకటి పడవ లాగే ఒకావిడకి అమ్మాను. ఇన్నేళ్ళకి, మొన్న శుక్రవారం, ఆవిడ శవం మా కొట్టు ముందునించి వెళ్ళింది.

నలుగురు మోస్తున్నారు. ముందు భజనవాళ్ళు తాళాలు కొట్టుకుంటూ ఆవిడ పాటే పాడుతున్నారు. ఒకడి చేతిలో నేను అచ్చు వేయించిన కాగితం ఉంది. పాట ఒక చరణం, ఆ కాగితంలోని తాత్పర్యం ఒక ముక్క, మళ్ళీ పాట. దారిన పోయేవాళ్ళు చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు. "ఎంత జ్ఞానో చూడండి, పడవ లాక్కునే మనిషి" అని పక్క కొట్టు బట్టలాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మినుములు కొనడానికి వచ్చినావిడ "ముల్లు ఎటూ మొగ్గట్లేదు, ఇక పొయ్యండి శెట్టిగారూ" అనేదాకా నాకు తెలివి లేదు.

పాట ఇది. కాలవ మీద అందరికీ వచ్చు, మీకు రాకపోవచ్చు.

ఎదరెదర నడిచేటి చిట్టీ
ఎనకెనక చూడకే చిట్టీ
నల్లటి తాడమ్మ చిట్టీ
నగలాగ మెడకేసె చిట్టీ
లాకెంత దూరమే చిట్టీ
లాగినంత దూరమే చిట్టీ
తాడింత తేలికేం చిట్టీ
తలతిప్పి పలకవే చిట్టీ

ఆవిడ పేరు నాకు తెలీదు. తాడు కొనేవాళ్ళని ఊరు అడుగుతాం, పడవ ఎవరిదని అడుగుతాం, పేరుతో మాకేం పని?

మనిషి ఎప్పుడూ ముందుకి వాలి ఉండేది. గాలికి ఎదురు నడుస్తున్నదానిలా. భుజాన తాడు లేనప్పుడూ అంతే, మా కొట్టు ముందు రాతిపలక మీద నిలబడ్డప్పుడూ అంతే. కుడి భుజం మీద చర్మం వంకాయ తొక్కలా నల్లబడి మెరిసేది. అరుగు మీద కూర్చోమంటే కూర్చునేది కాదు. "కూకుంటే మళ్ళీ లెగాలిగదండి బాబుగారూ" అనేది. బేరానికి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఎంత అంటారు. ఆవిడ ఒక్కత్తే ఎన్నాళ్ళు అనేది. తాడైనా, చేటైనా, చివరికి అప్పడాల కట్టైనా సరే, "ఎంతన్నది తరవాతండి, ఎన్నాళ్ళొస్తదో ముందు సెప్పండి" అనేది. ఇరవై రెండేళ్ళవాడికి అది వేళాకోళంగా ఉండేది.

ఆ రోజు కూడా అదే అడిగింది. వెంట కూతురు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి.

"ఎన్నాళ్ళొస్తదండి ఈ తాడు?"

"నీకెన్నాళ్ళు కావాలో చెప్పు."

"నవ్వులాట కాదండి. పడవ ఆసామిది, సరుకు సెట్లది, తాడొక్కటే మాది. అది తెగిందంటే మా కూడు తెగినట్టే."

పడవ లాగేవాళ్ళు తాడు తమ డబ్బుతోనే కొనుక్కోవాలి. అది కాలవ మీద ఆచారం. మా వ్యాపారం నడిచేదే ఆ ఆచారం మీద.

ఈలోపల ఆ పిల్ల తాడు చుట్ట ఎత్తి మెడలో వేసుకుంది. ముప్పై బారల తాడు, నడుందాకా వేలాడింది. "అమ్మా, కాసులపేరు!" అంది.

బేరగాడికి ఇంతకంటే ఏం కావాలి? "అదిగో, నీ కూతురే చెప్పేసింది. దీని పెళ్ళిదాకా వస్తుంది ఈ తాడు. ఆ తరవాత పందిరికి కట్టుకో" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆవిడ పళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే. నేను రూపాయిన్నర అన్నాను, ఆవిడ రూపాయి అంది, రూపాయి పావలా దగ్గర తెగింది. పిల్ల చెయ్యి చాపింది. "కొసరు?"

బెల్లం ముక్క పెట్టాను. బుగ్గన పెట్టుకుని, మెడలో తాడుతోనే గట్టు దిగి వెళ్ళింది. వెనకనించి చూస్తే తాడు కాళ్ళూ చేతులూ వచ్చి నడిచిపోతున్నట్టుంది. నాకు నవ్వొచ్చింది కూడాను.

పదకొండు రోజులైంది. వానలు పడి కాలవ నిండుగా ఉంది. లాకు తలుపుల దగ్గర ఏటికి ఎదురు లాగుతున్నారు. మొగుడు చుక్కాని దగ్గర, గట్టు మీద ముందు కూతురు, వెనక తల్లి. పడవకీ తల్లికీ మధ్య తాడు తెగింది. బరువంతా ముందుకి వేసి లాగేవాళ్ళు, తాడు తెగితే ముందుకే పడతారు. తల్లి మట్టిలో పడింది. పిల్ల లాకు మెట్ల రాళ్ళ మీద పడింది. అరవలేదట. లాకు దగ్గర పని చేసేవాడు ఉప్పు కోసం వచ్చి చెప్పాడు. "దీపం ఊదేసినట్టండి" అన్నాడు. నేను ఉప్పు కొలిచి ఇచ్చాను.

మూడో రోజున ఆవిడ వచ్చింది. తెగిన కొస ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఇది మీ తాడేనాండి?"

"తారేసిన తాళ్ళన్నీ ఒకలాగే ఉంటాయమ్మా. రాతికి ఒరుసుకునుంటుంది" అన్నాను. పిల్ల మాట ఎత్తలేదు. ఎత్తితే తాడు మాట ఒప్పుకున్నట్టవుతుంది. అంత తెలివి ఉంది నాకు.

ఆవిడ కొసని వేళ్ళతో విప్పింది. ఒక పేట ఎర్రగా, కొత్తగా. రెండు పేటలు బూడిదరంగు. వేలితో నలిపితే పొడి రాలింది బల్ల మీద. ఆ పొడి కేసి చూసింది, నా కేసి చూసింది. నేను గుడ్డ తీసుకుని బల్ల తుడిచేశాను. తిడుతుందని ఎదురుచూశాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"తాడొకటి ఇవ్వండి. సరుకు లాకు కాడ ఆగిపోయుంది" అంది.

మంచిది తీసి సగం ధరకి ఇచ్చాను. ఎంత ఉదారుణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను. ఆవిడ డబ్బు పెట్టి, తాడు ఒక కొస తను పట్టుకుని రెండో కొస నా చేతికిచ్చింది. "గట్టిగా పట్టుకోండి" అని మూడుసార్లు లాగింది. మూడోసారికి నేను బల్ల మీంచి జారి బియ్యం బస్తా మీద పడ్డాను. ఆవిడ నవ్వలేదు. తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నించీ ఏది కనబడినా మూడుసార్లు లాగి చూడటం ఆవిడకి అలవాటైపోయింది. గుమ్మానికి కట్టిన తోరణం, ఎవరిదో గేదె పలుపు, సంతలో పూసలదండ, తన చీర కొంగు. పిల్లలు "లాగుళ్ళమ్మ వస్తోందిరోయ్" అని పారిపోయేవాళ్ళు.

ఆర్నెల్లకి ఆ పాట కాలవలోకి వచ్చింది. లాగేటప్పుడు అడుగు కలవడానికి పాట ఉండాలి. పాత పాటలు ఆవిడ నోట రాలేదట, ఇది వచ్చింది. ఆవిడ పడవ నించి పక్క పడవకి, అక్కణ్ణించి నరసాపురం దాకా పాకింది. పడవలన్నీ మా కొట్టు ముందునించే పోవాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి 'నల్లటి తాడమ్మ' అన్నచోట గొంతులు లేచేవి. ఒక పడవ సరంగు గట్టెక్కి వచ్చి, "శెట్టిగారూ, తెల్ల తాళ్ళేమైనా తెచ్చారాండి? మాకు మోక్షానికి తొందర లేదండి" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నెల తాళ్ళు సగం అమ్ముడుపోలేదు.

ఇక్కడే నా రెండో తెలివి పుట్టింది.

మా అరుగు మీద సాయంత్రం పూట పురాణం పంతులుగారొకరు వచ్చి కూర్చునేవారు. నస్యం మాది, కబుర్లు ఆయనవి. ఆ రోజుల్లో ఏ పాట విన్నా పెద్దలందరికీ తత్త్వంలాగే వినపడేది. కుండ అంటే దేహం, చిలక అంటే జీవుడు, అల్లుడు అంటే కూడా ఎవరో దేవుడే. కాలవలోంచి ఈ పాట వినబడేసరికి ఆయన చేతిలో నస్యం అలాగే ఆగిపోయింది.

"ఆహా! ఎవరి తత్త్వమయ్యా ఇది? పడవ దేహం, ఏరు సంసారం!"

నిజం నా నాలిక చివరికి వచ్చింది. దాని వెనకే బేరం వచ్చి, దాన్ని పక్కకి తోసేసింది. "నల్లటి తాడు అంటే ఏంటండి మరి?" అని అడిగాను.

"తమోగుణం! ఇంకేముంటుంది?"

నా గుండెల మీంచి ముప్పై బారల తాడు దిగింది. లోపలికి పరిగెత్తి ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన మంచివారు. ఆ సంగతి చెప్పితీరాలి. నేను చెప్పనిది ఆయనకి తెలీదు.

కార్తీకంలో మా వీధి రామమందిరంలో ఆ పాట మీద ఉపన్యాసం పెట్టించాను. పంతులుగారికి కప్పిన పట్టు ఉత్తరీయం నాది, ప్రసాదం నాది, జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. పంతులుగారు ఒక్కొక్క మాటా విప్పుతుంటే మందిరం ఊగిపోయింది. చిట్టి అంటే జీవుడు. వెనక చూడకు అంటే పూర్వజన్మ వాసనలు విడిచిపెట్టమని. లాకు అంటే ముక్తి ద్వారం. "ఇక చివర చూడండి! 'తాడింత తేలికేం'! బంధం తెగిపోయింది. ఆనందం తట్టుకోలేక జీవుడు అడుగుతున్నాడు, ఇంత తేలికగా ఉందేమిటని. తెగిన తాడే మోక్షం నాయనా!"

ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను, ముందువరసలో కూర్చున్నాక తప్పుతుందా?

వెనక ద్వారం దగ్గర అలికిడైంది. ఆవిడ. పడవ రేవుకి కట్టి వచ్చినట్టుంది, చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. ఎవరో "ఈవిడేనండి కట్టింది పాట" అన్నారు. పంతులుగారు పొంగిపోయి ముందుకి పిలిచారు.

"అయ్యగారండీ, నల్లతాడంటే తారేసిన తాడండి" అంది ఆవిడ.

జనం గొల్లుమన్నారు. పంతులుగారు కోప్పడలేదు, ముద్దుగా నవ్వారు. "చూశారా! తన నోట పలికినదానికి అర్థం తనకే తెలీదు. అమాయకుల చేత పలికించడమే ఆ పైవాడి లీల."

"సిట్టి నా కూతురండి. తాడు తేలికైపోయిందని నేనడిగానండి, అది కాదు. నేను లేచి సూసేసరికి అది రాళ్ళమీదుంది." గొంతు పెద్దది చెయ్యలేదు. బజారులో ధర చెప్పినట్టే చెప్పింది. "తాడు సంగతి సెట్టిగారికి తెలుసండి. ఆరిని అడగండి."

మందిరమంతా నా వైపు తిరిగింది. ముందువరసలో కూర్చున్నందుకు మొదటిసారి పశ్చాత్తాపపడ్డాను. మా నాన్న స్తంభానికి ఆనుకుని ఉన్నాడు, ఆయనా చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. పాత తాడు అంటే చాలు. ఆ మాటకి ఎంత ఖరీదవుతుందో నేను కళ్ళతోనే లెక్క వేశాను. కొట్టు, పేరు, చెల్లెలికి కుదరబోతున్న సంబంధం.

"పంతులుగారంతటివారు చెప్పాక మధ్యన నాదేముందండి?" అన్నాను.

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. వినయం అంటే అదీ అన్నారు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నా ఉత్తరీయం కొస పట్టుకుని మూడుసార్లు లాగింది, మెల్లిగా. చూసుకుని వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు మా నాన్న తాళ్ళ గదికి తాళం వేసి తాళంచెవి తను పెట్టుకున్నాడు.

పాట, తాత్పర్యం కలిపి రాజమండ్రిలో అచ్చు వేయించాను. కొట్టుకి వచ్చినవాళ్ళకల్లా సరుకుతోపాటు ఊరికే ఇచ్చాను, కొసరుగా. కర్త పేరు ఉండాల్సినచోట 'అజ్ఞాత కర్తృకం' అని వేయించాను. ఆ కర్త వారానికోసారి మా కొట్టు ముందునించి నడిచి వెళ్తూనే ఉంది.

ఆవిడ మాత్రం ఆ పాట పాడటం మానేసింది. మిగతా పడవల్లో పాడేవాళ్ళు, కాని ఇప్పుడు కళ్ళు మూసుకుని పాడేవాళ్ళు. మా కొట్టు వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. నేను కోరుకున్నది అదే.

ఏడాదికోసారి, వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేసే రోజుల్లో, ఆవిడ వచ్చేది. అరుగు కింద నిలబడి ఒకటే అడిగేది.

"ఆ కాయితంలో ఒక్క ముక్క మార్చండి బాబుగారూ. తాడుకి తాడనే రాయండి. ఇంకేం వద్దు."

"అచ్చయిపోయిందమ్మా."

"మళ్ళీ ఏసేటప్పుడే మార్చండి."

"చూద్దాం."

మూడుసార్లు మళ్ళీ వేయించాను. కాగితం రకం మార్చాను, అంచుకి పూలు పెట్టించాను. డబ్బిస్తానన్నా పుచ్చుకోలేదు. ఒకసారి పది రూపాయలదాకా వెళ్ళాను. "ఇది బేరం కాదండి" అంది. నా జన్మలో ఆ మాట ఆవిడ నోటే విన్నాను. ఏం చెయ్యాలో తోచక బెల్లం పెట్టబోయాను. నా చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయింది. ఆవిడ ఆ ముక్క వైపు చూసిన చూపుకి దాన్ని మళ్ళీ డబ్బాలో వేసేశాను.

మొగుడు పోయాక, ఒళ్ళు ఉడిగాక, లాకు దగ్గర పాక వేసుకుని కొబ్బరిపీచు తాళ్ళు పేనింది. తారు వేసేది కాదు. కొనేవాడు ఒక కొస పట్టుకోవాలి, తనొక కొస పట్టుకునేది, మూడుసార్లు లాగాకే డబ్బు ముట్టేది. ఒకప్పటి నా తాళ్ళ ఖాతాదార్లందరూ అక్కడికే పోయారు. చివరికి నేనూ పోయాను, మొన్న వేసవిలో, మా ఇంటి నూతికి చేంతాడు కోసం. తాళ్ళ శెట్టి తాడు కొనుక్కోవడానికి రెండు మైళ్ళు నడిచాడని ఊరంతా నవ్వుకుంది.

ముసలిదైపోయింది. వాలు మాత్రం అలాగే ఉంది. తాడు కొస నాకిచ్చి లాగింది, ఈసారి నేను పడలేదు, ఆవిడలో అంత బలం లేదు.

"ఎన్నాళ్ళొస్తదని అడగరేంటండి?" అంది.

"ఎన్నాళ్ళొస్తుంది?"

"తెలీదండి. తెలీదని సెప్పే అమ్ముతాను."

డబ్బిచ్చాను. తాడు చుట్ట ఎత్తుకున్నాను. గట్టెక్కుతుంటే వెనకనించి, "ఆ కాయితం...?" అంది.

"వచ్చే అచ్చులో" అన్నాను.

"అలాగేనండి" అంది.

మొన్న శుక్రవారం ఆవిడ వెళ్ళిపోయింది, ముందర నా తాత్పర్యంతో. 'తాడింత తేలికేం' అన్నచోట భజనవాళ్ళు ఆనందంగా గెంతారు. అలా గెంతాలని కాగితంలో ఉంది.

ఇక లెక్క. ఈసారి పంతులుగారు లేరు, వారూ పోయారు. ప్రతిపదార్థం నేనే చెబుతున్నాను. ఇదే రేపు అచ్చుకి పంపుతున్నాను, అదే కాగితం మీద, పూల అంచు లేకుండా.

చిట్టి: ఆవిడ కూతురు. అది అసలు పేరో ముద్దుపేరో నేను అడగలేదు.

ఎదరెదర నడిచేటి: ముందు కూతురు, వెనక తల్లి. చిన్నది ముందుంటే కళ్ళముందు ఉంటుందని.

ఎనకెనక చూడకే: చూస్తే అడుగు తప్పుతుంది. పనిలో ఉన్న పిల్లకి తల్లి చెప్పే మాట.

నల్లటి తాడు: తారు పూసిన తాడు. మా కొట్టుది. మూడు పేటల్లో రెండు పాతవి. పేనింది నేను.

నగలాగ మెడకేసె: వేసుకుంది. నేను చూశాను. నవ్వాను.

లాకు: పడవలు ఆగే లాకు. దాని మెట్లు రాతివి.

లాగినంత దూరమే: లాగినంత దూరానికే కూలి.

తాడింత తేలికేం: తెగింది కనక.

తలతిప్పి పలకవే: పలకలేదు.

కర్త: లాకు దగ్గర తాళ్ళు పేనిన ఆవిడ.

తాడు అమ్మినప్పుడు నేను చెప్పిన గడువు పిల్ల పెళ్ళిదాకా. వచ్చింది పదకొండు రోజులు. నాకు మిగిలింది పద్నాలుగు అణాలు, అందులోంచి బెల్లం ముక్క పోను.